హీటర్ ప్లగ్గులకు మాన్యువల్ బటన్: పాత డీజిల్ ట్రక్కు ఉన్నవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

చలి పొద్దున కీ వేస్తారు. డాష్‌బోర్డు మీద హీటర్ ప్లగ్గుల కాయిల్ లైటు వెలిగినట్టే వెలిగి వెంటనే ఆరిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజన్ బాగానే తిరుగుతుంది కానీ అందుకోదు. సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ, కళ్ళు మండించే పచ్చి డీజిల్ వాసన. నాలుగుసార్లు కొట్టేసరికి బ్యాటరీ నీరసపడుతుంది, మనకు టెన్షన్ మొదలవుతుంది. పాత డీజిల్ ట్రక్కు నడిపే ప్రతివాళ్ళకీ ఈ సీను తెలుసు. అప్పుడే ఎవరో ఒకరు చెప్తారు, "ఒక బటన్ పెట్టించుకో, నువ్వే హీట్ ఇచ్చుకోవచ్చు" అని. మంచి సలహానే. కానీ ఆ బటన్ పెట్టాక, హీట్ ఎంతసేపు ఇవ్వాలో చూసే టైమర్ పని మీ వేలికి వస్తుంది. కింద రాసినవన్నీ ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

హీటర్ ప్లగ్ అసలు ఏం చేస్తుంది?

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆ వేడిని సిలిండర్ గోడలు, సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డు లాగేసుకుంటాయి. ముఖ్యంగా పాత ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో డీజిల్ నేరుగా సిలిండర్‌లోకి కాకుండా హెడ్డులో ఉండే చిన్న గదిలోకి పడుతుంది. ఆ గది గోడల వైశాల్యం ఎక్కువ కాబట్టి వేడి ఇంకా త్వరగా పోతుంది. అందుకే వాటికి కంప్రెషన్ నిష్పత్తి (గాలిని ఎన్ని రెట్లు నొక్కుతారో ఆ లెక్క) 20కి పైన పెట్టినా, చల్లగా ఉంటే హీటర్ ప్లగ్ లేకుండా అందుకోవడం కష్టం. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లు 16, 18 దగ్గర ఉండి కూడా కాస్త తేలిగ్గా స్టార్ట్ అవుతాయి.

ప్లగ్ కొన పెన్సిల్ మొనంత ఉంటుంది. కరెంటు ఇస్తే కొన్ని సెకన్లలో ఎర్రగా కాలి, 800 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. డీజిల్ తుంపర ఆ వేడి కొన పక్కనుంచి పోతూ అంటుకుంటుంది.

మాన్యువల్ బటన్ పెడితే ఏం మారుతుంది?

మామూలుగా కంట్రోలర్ అనే చిన్న పెట్టె ఇంజన్ వేడిని చూసి, ఎన్ని సెకన్లు హీట్ ఇవ్వాలో లెక్కేసి, రిలే అనే కరెంటుతో నడిచే స్విచ్‌ని ఆన్ చేస్తుంది. రిలే ప్లగ్గులకు బ్యాటరీ కరెంటును వదులుతుంది. బటన్ పెడితే రిలేని మీరు నేరుగా ఆన్ చేస్తారు. మారేది అంతే. ప్లగ్గులు అవే, లావు వైర్లు అవే, రిలే పని అదే.

కాబట్టి కంట్రోలర్ చెడిపోయిన బండికి బటన్ మందు. ప్లగ్గులు కాలిపోయిన బండికి బటన్ పెట్టినా ఒరిగేదేమీ లేదు.

ఏ ఇంజన్లకు పనికొస్తుంది? వేటికి పెట్టకూడదు?

రిలే విడిగా ఉండి, మామూలు లోహపు ప్లగ్గులు వాడే పాత ఇంజన్లకు చక్కగా సరిపోతుంది. 1982లో వచ్చిన జీఎం 6.2 లీటర్ల ఇంజన్, దాని తర్వాతి 6.5, 1983 నుంచి ఫోర్డ్ ట్రక్కుల్లో వచ్చిన 6.9 లీటర్ల ఇంజన్, ఆ తర్వాతి 7.3 ఈ కోవలోవే. వీటి యజమానుల్లో బటన్ పెట్టుకున్నవాళ్ళు చాలామంది.

పెట్టకూడనివి కూడా ఉన్నాయి. చాలా కొత్త ఇంజన్లలో ప్లగ్గులు 12 వోల్టులవి కావు. 4.4, 5, 7 వోల్టుల ప్లగ్గులు పెట్టి, కంట్రోల్ మాడ్యూల్ కరెంటును ముక్కలు ముక్కలుగా ఇస్తూ వాటిని నడుపుతుంది. వాటికి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు నొక్కి పట్టుకుంటే కొన్ని సెకన్లలో మాడిపోతాయి. సిరామిక్ ప్లగ్ అయితే పగిలి ముక్క సిలిండర్‌లో పడొచ్చు. ప్లగ్ ఒంటి మీద మామూలుగా వోల్టేజి అచ్చేసి ఉంటుంది. ఒక ప్లగ్ విప్పి అది చదవకుండా వైరు ముట్టుకోవద్దు.

5.9 కమిన్స్ లాంటి ఇంజన్లకు హీటర్ ప్లగ్గులే ఉండవు. లోపలికి వెళ్ళే గాలిని వేడిచేసే గ్రిడ్ హీటర్ ఉంటుంది. దాని సంగతి వేరే.

నా బండికి బటన్ కావాలా, ప్లగ్గులే పోయాయా? ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న దగ్గర ఆగి గంటసేపు టెస్ట్ చేసినవాళ్ళకు చాలాసార్లు బటన్ అవసరమే పడదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదట పొగ చూడండి. సెల్ఫ్ కొడుతుంటే వెనక తెల్లపొగ వస్తోందంటే డీజిల్ సిలిండర్‌లోకి వెళ్తోంది, అంటుకోవట్లేదు అని అర్థం. హీట్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. పొగే లేదంటే డీజిల్ రావట్లేదు. గాలి పట్టిందో, ఫిల్టర్ మూసుకుందో, డీజిల్‌ను వదిలే, ఆపే షట్ఆఫ్ సోలినాయిడ్ పనిచేయట్లేదో చూసుకోవాలి. దానికి హీటర్ ప్లగ్గులతో సంబంధం లేదు.

తర్వాత ప్లగ్గులు. ఒక్కోదాని వైరు ఊడదీసి టెస్ట్ లాంపు తీసుకోండి. క్లిప్పును బ్యాటరీ పాజిటివ్‌కు పెట్టి, మొనను ప్లగ్ తలకు తాకించండి. లాంపు వెలిగితే లోపలి కాయిల్ తెగలేదు. వెలగకపోతే ఆ ప్లగ్ చచ్చినట్టే. మల్టీమీటర్‌తో చూసేవాళ్ళు ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి ఆనించి ఎంత చూపిస్తుందో రాసుకోండి. ప్రోబు వైర్లకే 0.3 ఓములు ఉండొచ్చు. దాన్ని తీసేయగా ప్లగ్ దగ్గర ఒక ఓము అటూ ఇటూ మిగలాలి. రెండు దాటితే అనుమానించండి. ఎనిమిదింటిలో ఏడు 0.8 చూపిస్తూ ఒకటే 1.7 చూపిస్తే ఆ ఒక్కటీ పోవడానికి సిద్ధంగా ఉంది.

డీసీ కరెంటు చూపించే క్లాంప్ మీటర్ ఉంటే ఇంకా మంచిది. ఓము మీటర్ దగ్గర బాగున్నట్టు కనిపించే ప్లగ్ కూడా వేడెక్కాక తెగిపోవచ్చు. ఒక్కో ప్లగ్ వైరుకు క్లాంప్ తగిలించి హీట్ ఇస్తే మొదట 15 నుంచి 25 ఆంపియర్లు లాగి, సెకన్లు గడిచేకొద్దీ 10 దగ్గరికి దిగాలి. సున్నా చూపిస్తే ప్లగ్ పోయింది, లేదా దాని వైరు పోయింది.

చివరగా రిలే. కీ వేసినప్పుడు "టక్" వినిపించాలి. ఆ టక్ విని సంతోషపడి వదిలేయకండి. లోపలి కాంటాక్టులు మాడి ఉంటే టక్ వస్తుంది, కరెంటు వెళ్ళదు. మల్టీమీటర్‌ను వోల్టులకు పెట్టి, రిలే ఆన్‌లో ఉండగా రెండు లావు బోల్టుల మధ్య తాకించండి. 0.3 వోల్టు లోపు ఉంటే బాగుంది. ఒక వోల్టు, రెండు వోల్టులు చూపిస్తే ఆ వేడంతా ప్లగ్గుల్లో కాకుండా రిలేలో ఖర్చవుతోంది.

రిలే కంటే ముందు కరెంటు వచ్చే లావు వైరులో ఫ్యూజిబుల్ లింక్ ఉంటుంది, అంటే ఫ్యూజ్‌లా పనిచేసే వైరు ముక్క. పైన తొడుగు మామూలుగానే కనిపిస్తుంది, లోపల రాగి కాలిపోయి ఉంటుంది. మెల్లగా లాగి చూడండి. రబ్బరులా సాగిందంటే లింక్ పోయింది.

ప్లగ్గులు, రిలే, లింక్, వైర్లు అన్నీ బాగుండి కూడా హీట్ టైము సరిగ్గా రాకపోతే అప్పుడు తప్పు కంట్రోలర్‌ది. బటన్ పెట్టండి.

రిలే టకటకమని వరసగా కొట్టుకుంటోంది. కంట్రోలర్ పోయినట్టేనా?

తొందరపడకండి. 7.3 ఇన్‌డైరెక్ట్ ఇంజన్ మీద ఉండే కంట్రోలర్‌కు వంకరటింకరగా మడిచిన లోహపు పట్టీ ఒకటి ఉంటుంది. ప్లగ్గులకు వెళ్ళే కరెంటు దాని గుండానే పోతుంది. ఆ పట్టీ మీద వోల్టేజి ఎంత పడుతోందో చూసి కంట్రోలర్ కరెంటును అంచనా వేస్తుంది. రెండు మూడు ప్లగ్గులు పోతే కరెంటు తగ్గుతుంది. ప్లగ్గులు అప్పుడే వేడెక్కాయని కంట్రోలర్ అనుకుని ఆపేస్తుంది, మళ్ళీ ఇస్తుంది, మళ్ళీ ఆపేస్తుంది. ఆ టకటక అదే. అంటే కంట్రోలర్ తన పని తాను చేస్తోంది, ప్లగ్గులే పోయాయి. ఇక్కడ బటన్ పెట్టి బలవంతంగా హీట్ ఇస్తే మిగిలిన ఐదారు ప్లగ్గులతో కుంటుకుంటూ స్టార్ట్ అవుతుంది. అసలు జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

పుష్ బటనే ఎందుకు? మామూలు ఆన్-ఆఫ్ స్విచ్ పెట్టుకుంటే ఏమవుతుంది?

మర్చిపోతారు. ఎంత జాగ్రత్తపరులైనా ఒకరోజు ఫోన్ మోగుతుంది, ఎవరో పిలుస్తారు, స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతుంది.

అలా ఉండిపోయిన ప్లగ్‌ను నేను చేత్తో పట్టుకుని చూశాను. నా మొదటి ట్రక్కు కొన్నప్పుడు దానికి ముందు ఓనర్ పెట్టిన ఆన్-ఆఫ్ స్విచ్ ఉంది. మూడో సిలిండర్ ప్లగ్ విప్పబోతే మర సగం దాకా హాయిగా వచ్చింది, ఆ తర్వాత కదల్లేదు. వేడి ఇంజన్ మీద తుప్పు వదిలించే నూనె పోసి, పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ గంటన్నర కూర్చున్నాను. బయటికి వచ్చాక చూస్తే కొన సన్నగా ఉండాల్సింది పోయి అగ్గిపుల్ల తలలా ఉబ్బి, ఒక పక్క నెర్రె ఇచ్చి ఉంది. దాని మీద నీలం రంగు మరకలు. ఆ నెర్రె కాస్త ఎక్కువగా ఉండి ఉంటే కొన విరిగి లోపలే పడేది. పిస్టన్ మీద ఇనుప ముక్క పడితే హెడ్డు విప్పాల్సిందే.

నొక్కినంతసేపే పనిచేసే బటన్ పెడితే వేలు తీయగానే హీట్ ఆగుతుంది. మరచిపోవడం అనే మాటే ఉండదు. దాన్ని కూడా మోకాలు తగలని చోట పెట్టండి.

రిలే పాతదే ఉంచాలా, కొత్తది పెట్టాలా? ఎలాంటిది?

పాతది 0.3 వోల్టు టెస్టులో నెగ్గితే ఉంచండి. కంట్రోలర్, రిలే ఒకే ఒంట్లో కలిసి ఉన్న బండ్లకు విడి రిలే పెట్టాల్సి వస్తుంది.

కొనేటప్పుడు ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇలాంటి పెద్ద రిలేని సోలినాయిడ్ అని అమ్ముతారు. స్టార్టర్ సోలినాయిడ్, ఎక్కువసేపు ఆన్‌లో ఉండగలిగే కంటిన్యువస్ డ్యూటీ సోలినాయిడ్ పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. మొదటిది రెండు మూడు సెకన్ల పని కోసం చేసింది, ఎక్కువసేపు ఆన్‌లో ఉంచితే కాయిల్ కాలిపోతుంది. మీకు కావలసింది రెండోది. డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే, కాయిల్ బోల్టుల మధ్య ఓములు కొలవండి. స్టార్టర్‌ది నాలుగైదు ఓముల దగ్గర ఉంటుంది. కంటిన్యువస్ డ్యూటీది పదిహేను దగ్గరో, ఆ పైనో ఉంటుంది. ఎనిమిది ప్లగ్గుల ఇంజన్ మొదటి సెకనులో 150 నుంచి 200 ఆంపియర్ల దాకా లాగుతుంది, రిలే ఆ లోడుకు తగ్గది కావాలి. హెడ్‌లైట్లకు పెట్టే 30, 40 ఆంపియర్ల చిన్న రిలేతో సరిపెట్టాలని చూడకండి, కాంటాక్టులు మొదటి వారంలోనే అతుక్కుపోతాయి.

వైరింగ్ ఎలా చేయాలి?

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. రెండు బ్యాటరీల బండి అయితే రెండింటివీ.

రిలే మీద రెండు లావు బోల్టులు, రెండు చిన్న బోల్టులు ఉంటాయి. లావువి ప్లగ్గుల కరెంటు కోసం. బటన్ కోసం వాటిని ముట్టుకోనక్కర్లేదు. మన పని చిన్నవాటితోనే. కాయిల్ లాగేది ఒక ఆంపియర్ అటూ ఇటూ కాబట్టి కాబిన్‌లోకి లాగే వైరు 1 చదరపు మిల్లీమీటరుది చాలు. ప్లగ్గుల కరెంటును ఎప్పుడూ కాబిన్‌లోకి, బటన్‌లోకి తీసుకురాకూడదు.

ఇప్పుడు మీ బండి ఏ రకమో కనుక్కోవాలి. బ్యాటరీ తిరిగి తగిలించి, కీ వేసి, చిన్న బోల్టుల దగ్గర వోల్టులు చూడండి. ఒక బోల్టు ఎప్పుడూ సున్నా చూపిస్తూ, రెండోది హీట్ ఇచ్చేటప్పుడు మాత్రమే 12 చూపిస్తే కంట్రోలర్ పాజిటివ్ వైపు నుంచి రిలేని నడుపుతోంది. ఒక బోల్టు కీ వేసినంతసేపూ 12 చూపిస్తూ, రెండోది హీట్ ఇచ్చేటప్పుడు సున్నాకు దిగి, మిగతా సమయంలో 12 చూపిస్తే ఎర్త్ వైపు నుంచి నడుపుతోంది.

ఎర్త్ వైపు రకానికి పని చాలా తేలిక. కంట్రోలర్ వైరు ఉన్న చిన్న బోల్టుకే ఇంకో వైరు తగిలించి, కాబిన్‌లోకి తెచ్చి, బటన్ ఒక కాలుకు కలపండి. బటన్ రెండో కాలును మంచి ఎర్త్‌కు కలపండి. నొక్కితే కాయిల్‌కు ఎర్త్ దొరుకుతుంది, రిలే ఆన్ అవుతుంది. కంట్రోలర్ వైరు అలాగే ఉండొచ్చు. కీ వేస్తేనే కాయిల్‌కు పాజిటివ్ వస్తుంది కాబట్టి కీ లేకుండా ఎవరు నొక్కినా ఏమీ కాదు.

పాజిటివ్ వైపు రకానికి కరెంటును కీ వేస్తేనే వచ్చే ఫ్యూజ్ నుంచి తీసుకోండి. ఆ మొదట్లోనే 5 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టి, అక్కడి నుంచి బటన్‌కు, బటన్ నుంచి రిలే చిన్న బోల్టుకు వైరు లాగండి. బ్యాటరీ నుంచి నేరుగా తీసుకుంటే కీ లేకపోయినా బటన్ పనిచేస్తుంది. కాబిన్‌లో ఆడుకునే పిల్లాడు నొక్కినా, సామాను ఒరిగి నొక్కుకున్నా ప్లగ్గులు కాలుతూనే ఉంటాయి. అలా చేయొద్దు. ఈ రకంలో కంట్రోలర్ నుంచి వచ్చే వైరును ఊడదీసి, కొనకు టేపు చుట్టి పక్కన కట్టేయాలి. లేకపోతే బటన్ నొక్కినప్పుడు 12 వోల్టులు వెనక్కి కంట్రోలర్‌లోకి పోతాయి. కంట్రోలర్ బాగుండి, రెండూ కావాలనుకుంటే రెండు వైర్లలో చెరో 3 ఆంపియర్ల డయోడ్ (కరెంటును ఒక్క వైపుకే పోనిచ్చేది) పెట్టండి. గీత ఉన్న వైపు రిలే వైపుకు ఉండాలి.

ఇంజన్‌కూ కాబిన్‌కూ మధ్య రేకులోంచి వైరు లాగేటప్పుడు రంధ్రం అంచుకు పెట్టే రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. రేకు అంచు ఆరు నెలల్లో వైరు తొడుగును కోసేస్తుంది. ఎర్త్ వైపు రకంలో అలా కోసుకున్న వైరు బాడీకి తగిలితే ఎవరూ నొక్కకుండానే హీట్ ఆన్ అయిపోతుంది, ఫ్యూజ్ కూడా ఎగరదు. అందుకే ఆ చోట నేను వైరుకు పైన ఇంకో ప్లాస్టిక్ గొట్టం తొడుగుతాను.

వైరు కొనలకు థింబుళ్ళు (లోహపు కొనలు) నొక్కి క్రింప్ చేసి బోల్టు కింద బిగించండి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఇంజన్ వేడికి, కుదుపుకు నిలవదు.

రిలే కాయిల్‌కు అడ్డంగా డయోడ్ పెట్టమంటారు. అవసరమా?

రిలే ఆఫ్ అయిన క్షణంలో కాయిల్ పెద్ద వోల్టేజి దెబ్బ ఒకటి వెనక్కి కొడుతుంది. బటన్ కాంటాక్టులు దానికి మెల్లగా మాడతాయి. పక్కన కంట్రోలర్ కూడా ఉంటే దానికీ మంచిది కాదు. 1ఎన్4007 డయోడ్ ఒకటి కాయిల్ బోల్టుల మధ్య, గీత పాజిటివ్ వైపు ఉండేలా పెడితే సరిపోతుంది. తిరగేసి పెడితే నొక్కగానే షార్ట్ అవుతుంది, చూసి పెట్టండి.

ఇండికేటర్ లైటు ఎక్కడి నుంచి తీసుకోవాలి?

చాలామంది బటన్ పక్కనే, బటన్ కరెంటుతోనే లైటు వెలిగేలా పెడతారు. ఆ లైటు మీరు నొక్కారని చెప్తుంది, అంతకుమించి ఏమీ చెప్పదు. నొక్కిన సంగతి మీ వేలికి ముందే తెలుసు.

లైటును రిలేలో ప్లగ్గుల వైపు ఉన్న లావు బోల్టు నుంచి తీసుకోండి. బోల్టు దగ్గరే 1 ఆంపియర్ ఫ్యూజ్ పెట్టి, సన్న వైరుతో కాబిన్‌కు తెచ్చి, చిన్న బల్బు ద్వారా ఎర్త్‌కు కలపండి. ఇప్పుడు కరెంటు నిజంగా రిలే దాటి వస్తేనే వెలుగుతుంది. నొక్కినా వెలగకపోతే రిలేనో, ఫ్యూజిబుల్ లింకో పోయింది. వేలు తీశాక కూడా వెలుగుతూ ఉంటే రిలే అతుక్కుపోయింది. ఈ రెండో సంగతి తెలియడానికి ఇంతకంటే చవకైన దారి లేదు. మొత్తం పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది ఈ చిన్న బల్బే.

వోల్ట్ మీటర్ ఉన్నవాళ్ళు దాన్ని కూడా చూడటం అలవాటు చేసుకోండి. నొక్కగానే ముల్లు 12.6 నుంచి 11 చిల్లరకు పడి, ప్లగ్గులు వేడెక్కేకొద్దీ కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది. ప్రతిరోజూ పడేంత ముల్లు పడట్లేదంటే ఒకటో రెండో ప్లగ్గులు పోయాయని అర్థం.

ఎన్ని సెకన్లు నొక్కాలి?

ఇది ప్లగ్ రకాన్ని బట్టి ఉంటుంది. ఒక బండివాళ్ళు చెప్పిన సెకన్లు ఇంకో బండికి పెట్టకూడదు.

కొన్ని పాత ఇంజన్లలో 6 వోల్టుల ప్లగ్గులు ఉండేవి. 6.2 లో మొదట వచ్చినవి ఇవే. వాటికి కావాలనే 12 వోల్టులు ఇచ్చి త్వరగా కాల్చి, వెంటనే కంట్రోలర్ ఆపుతూ ఇస్తూ ఉండేది. ఇలాంటివాటికి మాన్యువల్ బటన్‌తో 6 నుంచి 8 సెకన్లు దాటకూడదు. దాటితే పైన చెప్పిన అగ్గిపుల్ల తల తయారవుతుంది. బటన్ పెట్టాలనుకుంటే ముందు వీటిని తీసేసి, తనంతట తాను వేడిని అదుపు చేసుకునే రకం ప్లగ్గులు వేయించుకోండి. వాటి లోపల వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరిగే రెండో కాయిల్ ఉంటుంది. వేడి ఒక హద్దుకు రాగానే కరెంటు దానంతట అదే తగ్గుతుంది. మీ వేలు రెండు సెకన్లు ఆలస్యమైనా క్షమిస్తాయి.

ఆ రకం ప్లగ్గులున్న ఇన్‌డైరెక్ట్ ఇంజన్‌కు నేను పాటించే లెక్క ఇది. ఇంజన్ వేడిగా ఉంటే అసలు నొక్కను. 20 డిగ్రీల దగ్గర 5 సెకన్లు. 10 డిగ్రీల దగ్గర 8. సున్నాకు దగ్గర పడితే 10 నుంచి 12. అప్పటికీ అందుకోకపోతే ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఒక్కసారి అంతే సమయం. రెండోసారి కూడా కాకపోతే నొక్కడం ఆపి టెస్ట్ లాంపు తీస్తాను, ఎందుకంటే అప్పుడు తప్పు సెకన్లది కాదు.

ఫోర్డ్‌లోనే ఆ తర్వాత వచ్చిన 7.3 పవర్‌స్ట్రోక్ లాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్ల సంగతి వేరు. ఆయిల్ వేడిని బట్టి కంప్యూటరే ప్లగ్గులను 120 సెకన్ల దాకా ఆన్‌లో ఉంచుతుంది. బాగా చలిగా ఉంటే అక్కడ 20, 30 సెకన్ల హీట్ మామూలే.

సెకన్లు మనసులో లెక్కపెడితే చలిలో వణుకుతూ తొందరగా లెక్కపెడతాం. గడియారం ముల్లు చూసి లెక్కపెట్టండి.

సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా నొక్కి ఉంచాలా? స్టార్ట్ అయ్యాక?

వేలు తీసి సెల్ఫ్ కొట్టండి. కొన మీద వేడి రెండు మూడు సెకన్లు నిలుస్తుంది, అది చాలు. బ్యాటరీ మొత్తం బలం సెల్ఫ్ మోటారుకు దక్కుతుంది, ఇంజన్ వేగంగా తిరుగుతుంది. ఆ వేగం కూడా వేడి పుట్టించేదే.

అందుకున్నాక రెండు మూడు సిలిండర్లు తప్పుతూ గడగడలాడితే, రెండేసి సెకన్లు ఒకటి రెండుసార్లు నొక్కితే సర్దుకుంటుంది, తెల్లపొగ తగ్గుతుంది. అంతకంటే వద్దు. ఇంజన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్ 14 వోల్టులు ఇస్తుంది, పైగా లోపల మంట వేడి కూడా తోడవుతుంది. 6 వోల్టుల ప్లగ్గులైతే స్టార్ట్ అయ్యాక బటన్ జోలికే వెళ్ళకండి.

ఇలా నొక్కుతుంటే బ్యాటరీ ఖాళీ అయిపోదా?

అవ్వదు. సగటున 120 ఆంపియర్లు 10 సెకన్లు లాగినా ఖర్చయ్యేది ఆంపియర్ అవర్‌లో మూడో వంతు. బ్యాటరీని పిండేది హీట్ కాదు, హీట్ లేకుండా నిమిషాల తరబడి సెల్ఫ్ కొట్టడం.

హీట్ ఇచ్చి, గాలి గొట్టంలోకి కాస్త ఈథర్ స్ప్రే (ఇట్టే అంటుకునే స్టార్టింగ్ స్ప్రే) కొడితే ఇంకా తొందరగా స్టార్ట్ అవుతుంది కదా?

వద్దు. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌లో ఈథర్ ఎప్పుడూ వద్దు. డీజిల్ అంటుకునే వేడి కంటే చాలా తక్కువ వేడికే ఈథర్ అంటుకుంటుంది. ఎర్రగా కాలిన కొన కనిపించగానే, పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పేలుతుంది. రింగులు విరుగుతాయి, పిస్టన్ పగులుతుంది, గాలి గొట్టంలోనే మంట రావొచ్చు, ఎదురుగా నిలబడ్డవాళ్ళ ముఖం కాలుతుంది. బటన్ ఉన్న బండిలో ప్రమాదం ఇంకా ఎక్కువ. స్ప్రే కొట్టేది ఒకరు, బటన్ నొక్కేది ఇంకొకరు అయినప్పుడు ఒకరి పని ఇంకొకరికి కనబడదు.

నా ట్రక్కు 24 వోల్టులది. ఇదే పద్ధతా?

ముందు ప్లగ్గులకు ఎన్ని వోల్టులు వెళ్తున్నాయో కొలవండి. 6.2 ఇంజన్‌తో 1984లో వచ్చిన అమెరికా సైనిక ట్రక్కుల్లో 24 వోల్టులను రెసిస్టర్ల గుండా దించి 12 వోల్టుల ప్లగ్గులకు ఇచ్చేవాళ్ళు. ఎనిమిది ప్లగ్గులూ బాగున్నంత కాలం లెక్క సరిపోతుంది. ఒకటి పోగానే మొత్తం కరెంటు తగ్గుతుంది, రెసిస్టర్ మీద పడే వోల్టేజి తగ్గుతుంది, మిగిలిన ఏడింటికీ ఎక్కువ వోల్టులు పడతాయి. వాటిలో ఇంకొకటి పోతుంది. అలా వరసగా అన్నీ కాలిపోతాయి. అందుకే ఆ బండ్ల యజమానులు చాలామంది రెసిస్టర్లను పక్కన పెట్టి, రెండు బ్యాటరీల్లో ఎర్త్ వైపు ఉన్నదాని నుంచి నేరుగా 12 వోల్టులు ఇస్తారు. ఆ మార్పు చేశాకే బటన్ గురించి ఆలోచించండి. రిలే కాయిల్ 12 వోల్టులదా, 24దా అన్నది కూడా చూసుకోండి.

రిలే అతుక్కుపోతే ఏం చేయాలి?

కీ తీసినా లైటు ఆరదు. ఇంకేమీ వెతకొద్దు, బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి. పానా బండిలో ఎప్పుడూ చేతికందే చోట ఉండాలి. రిలేని సుత్తితో తడితే వదలొచ్చు, కానీ ఒకసారి అతుక్కున్నది మళ్ళీ అతుక్కుంటుంది. దాన్ని మార్చేదాకా లావు వైరు విప్పి ఉంచండి.

కంప్యూటర్ ఉన్న బండిలో బటన్ పెడితే చెక్ ఇంజన్ లైటు వస్తుందా?

రావొచ్చు. కంట్రోలర్ వైరు ఊడదీస్తే పి0380 గానీ, పి0670 గానీ అనే ఎర్రర్ కోడ్ పడే అవకాశం ఉంది. పి0671 నుంచి పి0678 దాకా వచ్చే కోడ్లు మాత్రం బటన్ వల్ల కాదు. చివరి అంకె సిలిండర్ నంబరు. ఆ సిలిండర్ ప్లగ్‌నో, దాని వైరునో చూడమని కంప్యూటర్ చెప్తోంది.

కొత్త ప్లగ్గులు బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

మరకు కొద్దిగా యాంటీ సీజ్ (మర పట్టేయకుండా రాసే పేస్టు) రాసి, మొదట చేత్తోనే పూర్తిగా తిప్పండి. చేత్తో తిరగకపోతే మర తప్పింది, వెనక్కి తీయండి. చివరి బిగింపు కంపెనీ చెప్పిన టార్క్ దాకానే. 10 మిల్లీమీటర్ల మర ప్లగ్‌కు అది చాలా తక్కువ ఉంటుంది, పొడుగు పానాతో బలం చూపిస్తే తల తెగుతుంది. కొత్తవి బిగించే ముందు కూడా ఒక్కోదాన్ని ఓములు కొలవండి, డబ్బాలోంచే చెడ్డది రావడం నేను రెండుసార్లు చూశాను.

బండి ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తే?

బటన్ పక్కన చిన్న కాగితం అంటించి, మీ ప్లగ్గులకు సరిపోయే సెకన్లు పెద్ద అక్షరాలతో రాయండి. "ఇంజన్ వేడిగా ఉంటే నొక్కొద్దు. 10 సెకన్లు దాటొద్దు. వేలు తీశాక లైటు ఆరకపోతే బ్యాటరీ ఊడదీయాలి. ఈథర్ కొట్టొద్దు." నా బండిలో ఇదే ఉంది. తాళం ఇచ్చేముందు వాళ్ళ చేత ఒకసారి నొక్కించి, రిలే టక్ వినిపించి, లైటు వెలగడం, ఆరడం చూపించి అప్పుడు పంపిస్తాను.